తోడేలు ఎవరో చెప్పని కథ

ఉద్యోగాల్లో పడి జనం సాహిత్యానికి దూరమైపోతున్నారని బాధపడే పెద్దలు ఒక్కసారి మా టీమ్ రెట్రోకి, అంటే జరిగిన పనిని వెనక్కి తిరిగి చూసుకునే మీటింగ్‌కి, వచ్చి కూర్చోవాలి. మొన్న తొమ్మిది మంది ఇంజినీర్లం పని పక్కన పెట్టి, కెమెరాలు ఆన్ చేసుకుని, మూడు పందిపిల్లల కథ విన్నాం. శ్రద్ధగా విన్నాం. ఒకరైతే నోట్స్ కూడా రాసుకున్నారు.

కథ తెలిసిందే. ఒక పంది గడ్డితో ఇల్లు కట్టింది, రెండోది పుల్లలతో, మూడోది ఇటుకలతో. తోడేలు వచ్చి ఊదితే మొదటి రెండూ కూలాయి. దీన్ని మన పనికి ఇలా అన్వయించుకోవాలి: ఎప్పుడు కూలుతుందో తెలియనిది గడ్డి, ఇంకాస్త గట్టిపరచాల్సింది పుల్లలు, ఢోకా లేనిది ఇటుక. బోర్డు మీద మూడు ఇళ్లు గీసి ఉంటాయి. తోచింది స్టిక్కీ నోట్ మీద రాసి అతికించడమే. నిజం చెప్పాలంటే మంచి ఆలోచనే. "నీ కోడ్ చెత్తగా ఉంది" అంటే రాసినవాడు వారం రోజులు మాట్లాడడు. "అది గడ్డి ఇల్లు కదా" అంటే తనే నవ్వి ఒప్పుకుంటాడు.

ఈ సంప్రదాయానికి మూలపురుషులు కూడా ఉన్నారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ పెద్దలు కూర్చుని, సాఫ్ట్‌వేర్ ఎలా తయారుచేయాలో చెప్పే అజైల్ మ్యానిఫెస్టో అనే ప్రకటన రాశారు. దాని వెనకున్న 12 సూత్రాల్లో ఆఖరిది ఏమంటుందంటే, టీమ్ క్రమం తప్పకుండా ఆగి, ఇంకా బాగా ఎలా పనిచేయాలో ఆలోచించి, ఆ ప్రకారం తన తీరు మార్చుకోవాలి. ఇందులో ఆలోచించడం ఒకటి, మార్చుకోవడం ఒకటి. మొదటి సగంలో మేం ఆరితేరిపోయాం.

ఒక విడత పనిని స్ప్రింట్ అంటారు. నెల రోజుల స్ప్రింట్‌కైతే రెట్రో మూడు గంటలు మించకూడదని, స్క్రమ్ అనే అజైల్ పద్ధతికి నియమావళి లాంటి స్క్రమ్ గైడ్ చెబుతుంది. మాది రెండు వారాల స్ప్రింట్ కాబట్టి గంటతో సరిపెడతాం. అందులో ఇరవై నిమిషాలు "ఈ రోజు మీరు ఏ జంతువులా ఉన్నారు?" అన్న ప్రశ్నకే పోయాయి. రాత్రి రెండింటి దాకా ప్రొడక్షన్ సమస్య చూసి వచ్చిన కుర్రాడు "చచ్చిన పాము" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

అసలు చిక్కు తోడేలు దగ్గర వచ్చింది. ఇళ్లను ఊదుతున్నది ఎవరో కూడా రాయమన్నారు ఈ మీటింగ్ నడిపే స్క్రమ్ మాస్టర్ గారు. స్ప్రింట్ మధ్యలో "ఇదొక్కటి అర్జెంట్, చిన్న పనే" అంటూ తలుపు తట్టేది ఎవరో మా తొమ్మిది మందికీ తెలుసు. ఆయన స్క్రీన్ మీద ఓ మూల కిటికీలో చిరునవ్వుతో కూర్చుని ఉన్నారు. నాలుగు నిమిషాలపాటు బోర్డు మీద కర్సర్లు అటూ ఇటూ తిరిగాయి. చివరికి తొమ్మిది నోట్లు పడ్డాయి. ఏడింటిలో ఒకటే మాట: కమ్యూనికేషన్ గ్యాప్.

ఈ కమ్యూనికేషన్ గ్యాప్ అనే శాల్తీని నేనెప్పుడూ చూడలేదు. ఏ టీమో తెలీదు, ఎవరికి రిపోర్ట్ చేస్తుందో తెలీదు. ఎన్ని నేరాలు మోపినా నోరెత్తదు. మేనేజర్ గారు దాన్ని తీవ్రంగా ఖండించి, ముఖ్యమనుకున్న నోటు మీద పెట్టాల్సిన తన ఓటు చుక్కలు మూడూ దానికే వేశారు. ఆ తర్వాత మా చుక్కలు కూడా అటే నడిచాయి. ఎవరికి తెలిసినంతలో, చేతనైనంతలో వాళ్లు శక్తివంచన లేకుండా పనిచేశారని నమ్మి రెట్రో మొదలుపెట్టాలని రెట్రోల మీద పుస్తకం రాసిన నార్మ్ కెర్త్ గారు ఒక నియమం పెట్టారు. ప్రతిసారీ మొదట దాన్ని పైకి చదువుతాం. ఏ ఒక్కరినీ దోషిగా నిలబెట్టకూడదని దాని ఉద్దేశం. మేం ఇంకో మెట్టు పైకెక్కి, దోషమే కనబడకుండా చేశాం.

ఇక గడ్డి ఇంట్లో పడ్డ నోటు నాది. తయారైన సాఫ్ట్‌వేర్‌ని వాడకంలోకి పంపే మా డిప్లాయ్‌మెంట్ స్క్రిప్ట్ ఒకే ఒక్కరి ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఆయన సెలవు పెడితే రిలీజ్ కూడా సెలవు పెడుతుంది. ఈ నోటు నాకు పాత చుట్టం. ఇదివరకటి పడవ బొమ్మ రెట్రోలో అది మమ్మల్ని కదలనీయని లంగరు. కోపం, బాధ, సంతోషం అని మూడు గళ్లు పెట్టినప్పుడు మొదట కోపంలో ఉండేది, ఆర్నెల్లకు బాధలోకి మారింది. ఇప్పుడు గడ్డి అయింది. ప్రతిసారీ అది యాక్షన్ ఐటమ్ అవుతుంది. బాధ్యులు అన్నచోట "టీమ్" అని, గడువు అన్నచోట "వచ్చే స్ప్రింట్" అని రాస్తారు. ఈసారి పక్కన ఇటుక బొమ్మ కూడా పెట్టారు కాబట్టి పురోగతి లేదనడానికి వీల్లేదు.

చివర్లో వచ్చేసారి కథ ఏది కావాలో ఓటింగ్ పెట్టారు. నిధి వేటకు మెజారిటీ వచ్చింది. నోటు ఇప్పుడే రాసి పెట్టుకున్నాను. స్క్రిప్ట్ గురించి ఉన్న వాక్యం మార్చలేదు. "గడ్డి" తీసేసి "దారిలో గొయ్యి" అని పెట్టాను.