అర్ధరాత్రి పాటకి శుభముహూర్తం

అమెరికన్ జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్‌కి పియానో వాయించడమే రాదన్న పెద్దమనుషులు ఒకప్పుడు ఉండేవారు. వాళ్లే నయం. తిట్టడానికైనా విన్నారు.

ఇప్పటివాళ్లు ఆయన కట్టిన పాట ‘రౌండ్ మిడ్‌నైట్’ని ఉద్ధరిస్తున్నారు. న్యూయార్క్‌లో ఒక హోటల్లో పొద్దున్నే టిఫిన్ల హాల్లో స్పీకర్లోంచి దాన్ని వదిలారు. పేరులోనే అర్ధరాత్రి ఉన్న పాటకి అంతకన్నా మంచి ముహూర్తం కుదరలేదు కాబోలు. వాయించినాయన బహు సంస్కారి. మంక్ పక్కపక్క మెట్లు రెండూ కలిపి నొక్కి చెవి మెలిపెట్టే చోటల్లా ఈయన నున్నగా చిత్రిక పట్టాడు. మంక్ చటుక్కున ఆగి మనల్ని గాల్లో వదిలేసే చోటల్లా జలజలా స్వరాలు కుమ్మరించాడు, ఖాళీ కనిపిస్తే అతిథులు జడుసుకుంటారని. ఎవరూ జడుసుకోలేదు. ఒకాయన గుడ్డు మీద మిరియాల పొడి చల్లుకుంటున్నాడు. ఇంతలో వాఫుల్ మెషీన్ కీచుమంది. శ్రుతికి అర మెట్టు పక్కగా, తాళం దాటిపోయాక! హాలు మొత్తమ్మీద మంక్ సంప్రదాయం తెలిసిన వాద్యం అదొక్కటే. మళ్లీ కీచుమంది. శభాష్ అనబోయేలోగా ఎవరో పరుగున వచ్చి దాని నోరు నొక్కేశారు.

మధురంగా ఉంటుంది కాబట్టే పాట నిలిచిందని ఇలా నునుపు చేసేవాళ్ల వాదన! నిజమే, దీని మీద చెయ్యి వేసినవాళ్లు ముందూ ఉన్నారు. ముందొచ్చే ఆలాపన ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ తగిలించిందే. ఇంకో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన వాద్యానికి గొంతు అణిచే మ్యూట్ బిగించి గుసగుసలాడించాడు. అయినా పాటలో సలుపు పోలేదు, వాళ్లు పోనివ్వలేదు కనక.

1944లో ఈ పాటని మొదట రికార్డు చేసిన బ్యాండు నాయకుడు కూటీ విలియమ్స్ స్వరకర్తగా తన పేరూ ఎక్కించుకున్నాడు. తర్వాత మాటలు రాసినాయన ఇంకో వాటాదారు. సరే, పంచుకోండి. 1951లో పోలీసులు కారులో మత్తుమందు దొరికిందని మంక్‌ని పట్టుకెళ్లి, క్యాబరే కార్డు లాక్కున్నారు. అప్పట్లో అది లేకపోతే న్యూయార్క్‌లో మందు పోసే క్లబ్బులో వాయించకూడదు. 1957 దాకా ఇవ్వలేదు. 1955లో న్యూయార్క్ బయట, న్యూపోర్ట్ జాజ్ ఉత్సవ వేదిక మీద మైల్స్ ఈ పాటే వాయించి దుమారం లేపితే, పియానో దగ్గర కూర్చున్నది మంకే! ఆ రాత్రితో మైల్స్ దశ తిరిగింది. పాట కట్టినవాడు ఊరికి తిరిగొచ్చి మళ్లీ ఇంట్లో కూర్చున్నాడు. పాట క్లబ్బులన్నీ తిరగొచ్చు, మనిషి మాత్రం గడప తొక్కకూడదు. సిగ్గులేని ఊరు!

2006లో అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతుల వాళ్లు మంక్‌కి ప్రత్యేక పురస్కారం ప్రకటించారు. ఆయన పోయింది 1982లో. కార్డు చూపించమని మాత్రం అడగలేదు లెండి.