తల ఊపి విభేదించుట

షుగరు డాక్టరు చెప్పిన వైద్యాన్ని ఒప్పుకోకపోవడం తెలుగువారి ప్రాథమిక హక్కు. ఎంబీబీఎస్, ఎండీ, ఆపైన డీఎం అంటూ పదేళ్లకు పైగా ఒంట్లోని హార్మోన్ల గుట్టు చదివివచ్చిన మనిషి రాసిచ్చిన చీటీని, పొద్దున్నే పార్కులో చేతులూపుకుంటూ నడిచే రిటైర్డు తహసీల్దారు గారు ఒక్క పెదవి విరుపుతో కొట్టివేయగలుగుతున్నారంటే, విజ్ఞానం మన సమాజంలో ఎంత సమానంగా పంపిణీ అయిందో ఊహించుకోవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది. వారికి సలహాలిచ్చేవారిని ఎవరూ లెక్కించలేదు గనుక, మిగతా జనాభా అంతా ఆ సేవలోనే ఉన్నదని భావించడంలో తప్పులేదు.

అయితే ఈ హక్కుకు మనం ఒక కట్టుబాటు విధించుకున్నాం. విభేదాన్ని ఇంట్లో, పెళ్లిపందిట్లో, మందుల షాపు ముందు, ఎక్కడైనా ప్రకటించవచ్చు. డాక్టరు గారి గదిలో మాత్రం కూడదు. ఓపీ చీటీ పట్టుకుని గంటల తరబడి కూర్చున్న రోగి, లోపలికి పిలుపు రాగానే చేతులు కట్టుకుని, "మందులు వేళకు వేసుకుంటున్నారా?" అన్న ప్రశ్నకు "వేసుకుంటున్నానండీ" అని వినయంగా సెలవిస్తాడు. ఇంటికి చేరాక, నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మెట్‌ఫార్మిన్ మాత్రను కత్తిపీట మీద పెట్టి రెండు ముక్కలు చేసి, ఒక ముక్క నోట్లోనూ రెండోది స్టీలు డబ్బాలోనూ వేస్తాడు. ఆ లోటు భర్తీకి పరగడుపున కాకరకాయ రసం, రాత్రికి నానబెట్టిన మెంతులు, నడుమ ఎవరో పంపిన నేరేడు గింజల పొడి ఉండనే ఉన్నాయి.

ఈ విధానంలోని తర్కం ఆ తర్వాతే వికసిస్తుంది. సగం మాత్రకు తగ్గట్టే షుగరు సగం సగంగానే తగ్గుతుంది. పూర్తి మాత్ర వేసుకుంటున్నాడని నమ్మిన డాక్టరు, ఇది చాలడం లేదని ఇంకో మాత్ర కలుపుతాడు. అప్పుడు మనవాడు చీటీని అందరికీ చూపించి, "చూశారా, కంపెనీలతో కుమ్మక్కై మందులు పెంచుకుంటూ పోతున్నాడు" అని నిరూపిస్తాడు. తానే సాక్ష్యం తయారుచేసి తానే తీర్పు చెప్పే ఈ న్యాయస్థానంలో డాక్టరు ఏనాడూ గెలవలేడు.

మాత్రలు కిడ్నీలను తినేస్తాయన్నది మన వాదనల్లో బలమైనది. కిడ్నీలను మెల్లగా పాడుచేసేది అదుపులో లేని షుగరేనని, అవి బాగా దెబ్బతిన్నాకనే మెట్‌ఫార్మిన్‌ను తగ్గించడమో ఆపడమో చేస్తారని చెప్పబోయేవాణ్ణి మనం జాలిగా చూస్తాం. బ్రిటన్‌లో 5,000 మందికి పైగా రోగులను ఏళ్ల తరబడి గమనించి, షుగరును గట్టిగా అదుపు చేసినవారిలో కళ్లు, కిడ్నీల వంటి చోట్ల సన్నటి రక్తనాళాలకు వచ్చే చిక్కులు 25 శాతం తగ్గాయని 1998లో తేల్చారు. కానీ వారిలో మన మేనత్తగారి తోటికోడలు లేదు గదా!

ఇన్సులిన్ సంగతి వేరే చెప్పాలా? 1922 జనవరిలో టొరంటోలో మృత్యుముఖాన ఉన్న 14 ఏళ్ల కుర్రవాడికి అది ఎక్కించగా మరో 13 ఏళ్లు బతికాడట. మన వీధిలో మాత్రం, ఎన్నో ఏళ్లు వద్దు వద్దని వాయిదా వేసి, కాలి వేలు నల్లబడ్డాక సూది వేయించుకున్న పెద్దాయన ఆర్నెల్లకే పోయారు. దోషి ఎవరో తేలిపోయింది కదా, సూదే.

మన పక్షానికి నిజమైన శత్రువు మూడు నెలల షుగరు పరీక్ష. రక్తపరీక్షకు ముందు మూడు రోజులు అన్నం మానేసి, రెండు పూటలా నడిచి సాధించిన పరగడుపు అంకెను ఇది పట్టించుకోదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ కాలంలో దానికి అంటుకున్న చక్కెరంతా, సంక్రాంతి అరిసెలతో సహా, కాగితం మీదికి వస్తుంది. కన్నరక్తమే ఇలా చాడీలు చెప్తుంటే ఇక ఎవరిని నమ్మాలి?

డాక్టర్ల తప్పు లేదని నేననను. కంప్యూటరు నుంచి కళ్లు తిప్పకుండా నాలుగు నిమిషాల్లో పంపేసేవారి ముందు ఎవరు మాత్రం నోరు విప్పుతారు? పైగా వాళ్లలో వాళ్లకే పేచీలున్నాయి. షుగరును మరీ తక్కువకు దించబోయిన ఒక పెద్ద అమెరికన్ ప్రయోగంలో మరణాలు పెరగడంతో ఆ భాగాన్ని 2008లో అర్ధాంతరంగా ఆపేశారు. వయసు పైబడి, ఇతర జబ్బులున్నవారికి మూడు నెలల అంకె 8 శాతం లోపు ఉన్నా చాలునని నేడు వాళ్ల నిబంధనలే ఒప్పుకుంటున్నాయి. అంటే అడగదగిన ప్రశ్న ఉన్నది, అడిగితే జవాబూ ఉన్నది. ఆ అడగడమే మన సంప్రదాయానికి విరుద్ధం.

ఈ సంప్రదాయాన్ని మా ఊరి క్లినిక్కులో ఒక పెద్దావిడ భంగపరిచింది. "నాయనా, నువ్విచ్చిన గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటే పదకొండింటికల్లా చేతులు వణికి చెమటలు పడుతున్నాయి. అందుకే మానేశాను" అని, పక్కన కొడుకు మోచేత్తో పొడుస్తున్నా వినకుండా చెప్పేసింది. డాక్టరు కలం కిందపెట్టి, షుగరు మరీ పడిపోతోందని గ్రహించి, టిఫిను ఎన్నింటికి తింటారో అడిగి, ఆ మాత్ర కొట్టేసి, మానేసిన రోజే ఫోను చేయవలసింది కదమ్మా అన్నాడు. బయటికి రాగానే కొడుకు ఆమె మీద విరుచుకుపడ్డాడు: "అంత పెద్ద డాక్టరు ముందు మానేశానని చెప్పేస్తావా అమ్మా? ఆయనేమనుకుంటారు?"