జపనీస్ నేర్చుకుందామని కూర్చుంటే ఇంగ్లీషులో ఫెయిల్ చేస్తున్నారు

ఇప్పుడే ఫోన్ మంచం మీదకి విసిరేశాను. పగల్లేదు లెండి. అంత ధైర్యమే ఉంటే గోడకే కొట్టేదాన్ని.

జరిగింది చాలా చిన్నది. జపనీస్ నేర్పే యాప్‌లో ఒక వాక్యం వచ్చింది: "నెకో గ ఇసు నో షిత ని ఇమస్." పిల్లి కుర్చీ కింద ఉంది. చూడగానే తెలిసిపోయింది. నెకో పిల్లి, ఇసు కుర్చీ, షిత కింద, ఇమస్ ఉంది. మాటల వరస అచ్చం మనదే, ఒక్క ముక్క కూడా అటూ ఇటూ జరపక్కర్లేదు. కానీ మనకు అర్థమైతే యాప్‌కి చాలదు కదా, అర్థమైందని ఇంగ్లీషులో రాసి ఇవ్వాలి. "క్యాట్ ఈజ్ అండర్ ద చైర్" అని కొట్టాను. ఎర్రగీత. తప్పట! క్యాట్ ముందు "ద" పెట్టలేదట! తప్పుకొకటి చొప్పున పోయే గుండె బొమ్మల్లో ఉన్న ఒక్కటీ పోయింది. ఇంకోటి కావాలంటే ప్రకటన చూడాలి. ఏం ప్రకటన వచ్చిందో చెప్పుకోండి చూద్దాం. ఇంట్లోనే కూర్చుని గడగడా ఇంగ్లీషు మాట్లాడండి, మొదటి పాఠం ఉచితం!

జపనీసులో "ద" లేదు. తెలుగులోనూ లేదు. వాక్యం అక్కణ్ణించి బయల్దేరి నా బుర్రలోకి సుఖంగా వచ్చి కూర్చుంది. మధ్యలో ఈ టోల్‌గేటు ఎవరు పెట్టారండీ?

యాప్‌ని ఒక్కదాన్నే అనడమెందుకు, పుస్తకాలూ అదే బాపతు. ఇంట్లో కూర్చుని సొంతంగా నేర్చుకునేవాళ్ల చేతికి అందేవన్నీ ఇంగ్లీషువాళ్ల కోసం రాసినవే. మొదటి పాఠంలోనే బెదిరింపు: జాగ్రత్త, ఈ భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది! రానీ. బుద్ధెరిగినప్పటి నుంచీ మేం చివరే పెడుతున్నాం. రెండో బెదిరింపు: ఇందులో ప్రిపొజిషన్లు నామవాచకం తర్వాత వస్తాయి, అలవాటు పడటానికి టైమ్ పడుతుంది! విభక్తులు నాయనా అవి. డు ము వు లు ప్రథమా విభక్తి అని నిద్రలో లేపినా చెప్పేవాళ్లం.

అన్నిట్లోకీ నన్ను బాగా మండించింది "తె మిరు" పాఠం. తబెతె అంటే తిని. మిరు అంటే చూడటం. "తబెతె మిరు" అంటే తిని చూడటం. అయిపోయింది, తర్వాతి పాఠానికి పదండి. కాదు! ఇక్కడ మిరు అంటే కళ్లతో చూడటం కాదని, ప్రయత్నించడమనే అర్థంలో వచ్చిన సహాయక క్రియ అని, చేయబోయి చేయలేకపోయినప్పుడు ఇది వాడకూడదని, దానికి వేరే రూపం ఉందని పేజీ నిండా నోట్సు. చదివి చూడు, వేసుకుని చూడు, అడిగి చూడు అని రోజంతా అనే మనిషి ఆ నోట్సు చదివితే వచ్చిన ముక్క కూడా పోతుంది. "తబెతె షిమత్త" సంగతీ అంతే. తినేశాను. పని పూర్తయిపోవడం, చేయకూడనిది చేసేశానన్న బాధ, రెండూ ఆ ఒక్క రూపంలోనే ఉంటాయని గొప్ప రహస్యంలా చెప్తారు. "అయ్యో, చెప్పేశానే" అన్నప్పుడు మన గొంతులో ఉన్నది ఇంకేంటి మరి? "అషిత కురు తొ ఇత్త" అంటే రేపు వస్తా అని అన్నాడు. "తొ" ఉన్నచోట "అని" పెట్టుకోండి, సరిపోతుంది. "కినో కత్త హొన్" అంటే నిన్న కొన్న పుస్తకం. ఇదే ఇంగ్లీషులో చెప్పాలంటే పుస్తకాన్ని ముందుకి లాగి, కొనడాన్ని వెనక్కి నెట్టి, నిన్నని చివర తగిలించాలి. నేర్చుకునేది జపనీసా, సర్కస్సా?

జపనీస్ అక్షరమాల హిరాగానా పట్టిక ఎప్పుడైనా పైకి చదివారా? అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టు లేదూ? ఇది మన వర్ణమాల వరసే. జపాన్ బౌద్ధ సన్యాసులు సంస్కృతం కోసం "సిద్ధం" అనే పాత భారతీయ లిపి చదివారు, ఆ చదువు ప్రభావంతోనే ఈ వరస కుదిరింది. "ప" ఉండాల్సిన చోట "హ" ఎందుకుందంటే, పూర్వం ఆ శబ్దం "ప" కాబట్టి. ఈ ఒక్క ముక్క చెప్తే తెలుగు పిల్లలు మధ్యాహ్నానికల్లా ఆ వరస అప్పజెప్పేస్తారు. దానికి బదులు "కు" అక్షరం కుకూ పిట్ట ముక్కులా ఉంటుందని బొమ్మ గీసి చూపిస్తారు. ఆ పిట్టని నేను జన్మలో చూడలేదు.

ఉచ్చారణ పాఠం ఇంకా కామెడీ. కిత అంటే వచ్చాడు, కిత్త అంటే కోశాడు. మనకైతే త కింద త వత్తు. వాళ్లకి, ఆ వత్తుకి గుర్తుగా రాసే "చిన్న త్సు కనిపిస్తే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టండి" అని సూచన. ఒబసాన్ అంటే అత్తయ్య, పిన్ని లాంటివాళ్లు, ఒబాసాన్ అంటే అమ్మమ్మ. మనకి ఒక దీర్ఘం తేడా, ఇంగ్లీషు పుస్తకంలో అదో గండం. పిన్నిని పట్టుకుని అమ్మమ్మా అని పిలవడానికి మనమేం దీర్ఘం తెలియనివాళ్లమా? అన్నట్టు, తోక్యో అని "త"తో హాయిగా పలకాల్సిన ఊరిని టోక్యో చేసిందీ ఇంగ్లీషు స్పెల్లింగే. వార్తల్లో విన్నప్పుడల్లా చెవిలో ముల్లులా గుచ్చుకుంటోంది ఈమధ్య.

కాంజీ, అంటే చైనా నుంచి తెచ్చుకున్న అక్షరాల దగ్గర మాత్రం తెలుగు ఏమీ చేయలేదు, అక్కడ అందరి తలరాతా ఒకటే. జపాన్ ప్రభుత్వం 2010లో సవరించిన జోయో (రోజువారీ వాడుక) కాంజీ జాబితాలో 2,136 అక్షరాలున్నాయి. అందులో పుట్టుక, బతుకు, పచ్చిది అన్నిటికీ పనికొచ్చే ఒక అక్షరం ఉంది. దాన్ని ఒకచోట సెయ్ అనాలి, ఒకచోట షో, ఇకిరు (బతకడం)లో ఇ, ఉమరేరు (పుట్టడం)లో ఉ, పచ్చిది అన్నచోట నమ. ఎక్కడ ఏది అంటే చూసి చూసి తెలియాల్సిందే. జపాన్ పిల్లలకే ప్రాథమిక బడి ఆరేళ్లలో 1,026 నేర్పుతారు. మన వీడియోల్లోని మహానుభావులు మాత్రం 90 రోజుల్లో జపనీస్ మొత్తం పోసేస్తామంటారు. థంబ్‌నెయిల్లో నోరు తెరిచి, బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని. ఆ నోరు చూస్తేనే ఒళ్లు మండుతుంది.

ఇంకో రకం ఉన్నారు. జపనీసా? ప్రపంచంలోకెల్లా కష్టమైన భాష, 2,200 గంటలు పడుతుంది అని అంకె ముఖాన కొట్టేవాళ్లు. ఆ అంకె ఎవరిదో తెలుసా? అమెరికా విదేశాంగ శాఖవాళ్ల శిక్షణ సంస్థది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దౌత్యవేత్తలకి క్లాసులో పట్టే గంటలవి. అదే జాబితాలో తెలుగు కూడా కష్టమైన భాషల్లోనే ఉంది. ఆ కష్టమైన భాషలో మనం రెండేళ్లకే అన్నం వద్దని పేచీ పెట్టాం. వాళ్ల కొలతబద్దతో మనల్ని మనం కొలుచుకుని, అమ్మో నా వల్ల కాదని మూల కూర్చోవడం మనవాళ్లకే చెల్లింది.

ఇక అసలు మంట ఎక్కడిదో చెప్తాను వినండి. నేను జపనీస్ మొదలుపెట్టానని తెలియగానే మా పిన్ని కొడుకు నవ్వాడు. "అక్కా, నీకు ఇంగ్లీషే వీక్ కదా, జపనీస్ ఎలా వస్తుంది?" అన్నాడు. పిన్ని పక్కనే ఉండి, "అదీ నిజమేనే" అని ఓ దరువు వేసింది. ఆ రెండిటికీ సంబంధం ఏంట్రా? ఈత రానివాడికి సైకిల్ రాదంటావా? జపనీస్ ప్రావీణ్య పరీక్షలో మొదటి మెట్టు ఎన్5, దాని పేపరు వాడు ఎప్పుడైనా చూశాడా? ప్రశ్నలూ జపనీసులోనే, ఆప్షన్లూ జపనీసులోనే. 180కి 80 రావాలి, వినికిడిలో విడిగా 60కి 19 రావాలి. ఇంగ్లీషుకి అందులో ఒక్క మార్కు లేదు. (రాయడం, మాట్లాడటం కూడా చివరి మెట్టు ఎన్1 దాకా ఎక్కడా లేవు, అన్నీ బబుల్స్ నింపడమే. ఆ ఏడుపు ఇంకో పోస్టులో ఏడుస్తాను.)

కానీ వాణ్ణి అని ఏం లాభం. వాడూ నేనూ చదివింది ఒకే బళ్లో. సైన్సు పరీక్షలో కిరణజన్య సంయోగక్రియ మొత్తం బొమ్మతో సహా సరిగ్గా రాస్తే, ఇంగ్లీషు వాక్యంలో ఎక్కడో "యాన్" బదులు "ఎ" పడిందని మార్కు కోసిన సారు ఉండేవారు మాకు. క్లాసులో పేపరు పైకెత్తి చూపించి మరీ కోశారు. ఆకుకి ఎండ తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు సార్, పేపర్లో అంతా రాశాను సార్ అని ఆ రోజు నోరు పెగల్లేదు. ఇవాళ యాప్ మీద గయ్యిమన్నదంతా ఆయనకి చెందాల్సిందే.

రెండు భాషలూ క్షుణ్ణంగా తెలిసిన మహానుభావులు ఎవరైనా ఉంటే, తబెతె లాంటి తె రూపాన్ని తెలుగులో తెలుగువాళ్లకి చెప్పే ఒక్క పుస్తకం రాసి పెట్టండి బాబూ. దణ్ణం పెట్టి కొనుక్కుంటా. అలాంటిది నా చేతికి ఇంతవరకు దొరకలేదు. నోట్సు నేనే రాసుకుంటున్నా, ఎడమవైపు జపనీస్, కుడివైపు తెలుగు, మధ్యలో ఎవరూ లేరు.

మా తమ్ముడుగారికి ఇప్పుడు జపాన్ కంపెనీల మీద మనసు మళ్లిందట. మొన్న ఫోన్ చేసి, "అక్కా, నీ హిరాగానా నోట్సు పంపవా, కానీ తెలుగులో వద్దు, ఇంగ్లీషులో రాసి పంపు" అన్నాడు.

పంపను.