నీళ్ల టబ్బులో లక్ష్మీదేవి

వన్యప్రాణుల స్మగ్లర్లను నడిరోడ్డు మీద ఉరి తీయాలన్నది మా పెదనాన్న నిశ్చితాభిప్రాయం. చెన్నై మడిపాక్కంలో ఆయన ఇంటి హాల్లో, టీవీ పక్కన, నీలం ప్లాస్టిక్ టబ్బులో ఒక నక్షత్ర తాబేలుంది. ఈ రెండింటికీ సంబంధం వెదికేంత అల్పబుద్ధి నాకు లేదు.

అది వచ్చాక ఆగిపోయిన అరియర్స్ పడ్డాయి. నీళ్ల ట్యాంకర్ చెప్పిన టైముకే వస్తోంది. తాబేలు ఉత్తరాన, నీళ్లలో ఉండాలని వాస్తు సిద్ధాంతి చెప్పారు. ఇదేమో మెట్ట తాబేలు, పొదల్లో గడ్డి మేసేది, ఈత రాదు. ఆ మాటే అంటే పెదనాన్న జాలిగా చూసి, "కూర్మావతారం ఎక్కడ ఎత్తాడ్రా స్వామి? పాలసముద్రంలోనే కదా!" అన్నారు. రాత్రి టీవీ కట్టేశాక గోళ్ల గరగర వినిపిస్తుంది. టబ్బు అంచు కోసం సగం లేస్తుంది, జారుతుంది, వెల్లకిలా పడి కాళ్లాడిస్తుంది. "ప్రదక్షిణాలు చేస్తోంది నాయనా" అంటుంది పెద్దమ్మ, దండం పెట్టుకుంటూ.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని ఇంట్లో ఉంచుకోవడమూ నేరమేనట. 2019లో జెనీవాలో, అరుదైన జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందంలోని దేశాలన్నీ కూర్చుని, అడవిలో పట్టిన ఈ తాబేళ్లతో దేశాల మధ్య వ్యాపారమే చేయకూడదన్నాయి. అక్కడ వాస్తు తెలిసినవాళ్లు ఒక్కరూ లేనట్టుంది. మన దేశంలో ఒకే ఒక్క వ్యాపార కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు తరలిపోయాయని 2015లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. సూట్‌కేసుల్లో, బట్టల మధ్య, టేపు చుట్టుకుని విమానాలెక్కుతాయవి. ఇంత అదృష్టం విదేశాల పాలవుతుంటే, ఒక్కదాన్నైనా స్వదేశంలో ఆపిన దేశభక్తుడు మా పెదనాన్న. మా చిత్తూరు వైపు వానలకు చేలగట్ల మీదికొచ్చిన తాబేలు పిల్లల్ని సంచిలో వేసుకున్నవాడికి చిల్లర దక్కుతుంది, దొరికితే జైలూ వాడికే. కొన్నవాళ్లం మనం భక్తులం కదా, ఆ సెక్షన్లు మనకెందుకు వర్తిస్తాయి?

వారం నుంచి అది తిండి ముట్టడం లేదు. కీరా తొక్కలు, క్యాబేజీ, ఆఖరికి తిరుపతి లడ్డూ కూడా పెట్టి చూశారు. గిండీలో అటవీశాఖ వాళ్లకు అప్పగిద్దామన్నాను.

"నోరులేని జీవాన్ని ఆఫీసుల చుట్టూ తిప్పుతావట్రా? పాపం, ఒంటరిగా ఉండి దిగులు పెట్టుకుంది" అని కళ్లు తుడుచుకుని, పెదనాన్న ఫోన్ తీశారు.

"నాయనా, ఈసారి ఆడదాన్ని చూడు."