అప్పజెప్పే అలవాటు మళ్లీ రావాలి

జూన్ 12న బడి తెరిచిన రోజు మొదలుకొని మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు ముగిసేవరకు, తిరుపతి, చిత్తూరు జిల్లాల ఉన్నత పాఠశాలల పిల్లలు రోజుకు ఎన్ని గంటలు చదువుతున్నారనే లెక్క పెద్దలందరి దగ్గరా ఉంటుంది. ఉదయం స్టడీ అవర్ ఎన్నింటికి మొదలైంది, సాయంత్రం ప్రత్యేక తరగతి ఎన్నింటికి ముగిసింది, ఆదివారం ట్యూషన్ ఉందా లేదా అన్న వివరాలు హెచ్‌ఎం రిజిస్టరులోనూ ఉంటాయి, తల్లుల నోటి మీదా ఉంటాయి. ఆ గంటల్లో పిల్లవాడు పుస్తకం ముందు కూర్చొని సరిగ్గా ఏం చేస్తున్నాడన్న ప్రశ్న మాత్రం బడిలోనూ, ఇంట్లోనూ, సమీక్షా సమావేశాల్లోనూ వినిపించడం అరుదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదేళ్లపాటు పాఠాలు చెప్పే వ్యవస్థ, చెప్పిన పాఠాన్ని ఎలా చదువుకోవాలో నేర్పడానికి టైమ్‌టేబుల్‌లో చోటు చూపకపోవడం పెద్ద లోపమని మేము భావిస్తున్నాము.

చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో సాయంత్రం ఏడు గంటలకు తరచూ కనిపించే దృశ్యం ఇది. పాల కేంద్రంలో పాలు పోసి వచ్చిన తల్లి ఖాళీ క్యాను కడిగి బోర్లించి, పొయ్యి వెలిగిస్తుంటుంది. వసారాలో పదో తరగతి కొడుకు జీవశాస్త్రం పుస్తకం తెరిచి, గుండె నిర్మాణం గురించిన పేరాను ముందుకూ వెనక్కూ ఊగుతూ నాలుగోసారి చదువుతుంటాడు. పేజీలో సగం వరుసల కింద రంగు పెన్నుతో గీతలు పడి ఉంటాయి. "చదివినావా నాయనా?" అని తల్లి లోపలినుంచి అడిగితే, "చదివినా మా" అని జవాబిస్తాడు. ఇద్దరూ ఆ మాటను నిజంగానే నమ్ముతారు. మరునాడు తరగతిలో టీచరు, గుండెలో ఎడమ జఠరిక (కింది గది) గోడ కుడి జఠరిక గోడకన్నా ఎందుకు మందంగా ఉంటుందని అడిగినప్పుడు, ఆ బొమ్మ ఏ పేజీలో ఏ మూలన ఉందో పిల్లవాడి కళ్లకు కడుతుంది గానీ జవాబు నోటికి రాదు. కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు రక్తాన్ని పంపితే చాలు, ఎడమ జఠరిక ఒళ్లంతటికీ పంపాలి అన్న ఒక్క వాక్యం అతను నాలుగుసార్లు చదివిన పేరాలోనే ఉంది.

ఆ పిల్లవాడు అబద్ధం చెప్పలేదు, సోమరితనమూ చూపలేదు. కంటికి అలవాటైన వాక్యాన్ని మనసుకు వచ్చిన వాక్యంగా పొరబడ్డాడు. రెండోసారి చదివినప్పుడు పేరా మొదటిసారికన్నా తేలికగా సాగుతుంది, మూడోసారి ఇంకా తేలికగా సాగుతుంది. ఆ తేలికే వచ్చేసిందన్న భ్రమ కలిగిస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ భ్రమను అంకెల్లో చూపింది. ఒక జట్టు విద్యార్థులు ఒక వ్యాసాన్ని నాలుగు విడతలు చదివారు. మరో జట్టు ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతలూ వ్యాసం చూడకుండా గుర్తున్నంతవరకు రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే నాలుగు విడతలు చదివినవారే ముందున్నారు: వారికి 83 శాతం, రెండో జట్టుకు 71 శాతం గుర్తుంది. వారం తర్వాత లెక్క తలకిందులైంది. చదువుతూ పోయినవారికి 40 శాతం మిగిలితే, చూడకుండా రాసినవారికి 61 శాతం మిగిలింది. పిల్లలు పరీక్ష రాసేది చదివిన ఐదు నిమిషాలకు కాదు గనుక, మనకు పనికొచ్చేది ఆ రెండో లెక్కే.

ఈ సంగతి తెలుసుకోవడానికి మనం అమెరికా దాకా పోవలసిన పని కూడా లేదు. మన భాషలో దీనికి 'అప్పజెప్పడం' అన్న చక్కటి మాట ఉంది. తీసుకున్న దాన్ని తిరిగి ఇచ్చినట్టు, గురువు దగ్గర నేర్చుకున్న పాఠాన్ని పుస్తకం చూడకుండా తిరిగి గురువుకు వినిపించడమే అప్పజెప్పడం. ఎక్కాలూ పద్యాలూ నిన్నమొన్నటి దాకా ఇళ్లలో ఇలాగే వచ్చేవి. తిరుమల ధర్మగిరిలోని వేద పాఠశాలలో ఈ రోజుకూ గురువు సంత చెబితే, అంటే పాఠాన్ని పలికి వినిపిస్తే, శిష్యులు తిరిగి చెబుతారు. అక్కడి పద్ధతిలో గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. జట అనే పఠన పద్ధతిలో రెండేసి పదాలను ముందుకూ, వెనక్కూ, మళ్లీ ముందుకూ పలుకుతారు. ఘన అనే పద్ధతిలో ఆ అల్లిక ఇంకా జటిలమవుతుంది. మొదటి పదం అందిస్తే తప్ప నాలుక కదలని స్థితి అక్కడ ఉండదు, ఎక్కడ అడిగినా అక్కడినుంచి అందుకోగలుగుతారు. గైడులోని జవాబును మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా గడగడా చెప్పి, మధ్యలో ఒక ప్రశ్న వేస్తే ఆగిపోయే మన పదో తరగతి పిల్లలకు లేనిది ఆ పట్టే.

అయితే పాత బడిని నెత్తిన పెట్టుకోమని మేము చెప్పడం లేదు. వేదపాఠంలో ఒక్క స్వరం కూడా మారకూడదు కాబట్టి యథాతథంగా చెప్పడమే అక్కడ లక్ష్యం. సైన్సుకూ సాంఘికశాస్త్రానికీ కావలసింది అర్థం, కారణం, సొంత మాట. వీధిబడిలో అప్పజెప్పడం వెంట బెత్తం కూడా ఉండేది. దాన్ని అక్కడే వదిలిపెట్టడం మంచిది. మనం తెచ్చుకోవలసింది పుస్తకం మూసి, వచ్చింది ఎంతో తేల్చుకునే ఆ ఒక్క అలవాటును మాత్రమే.

ఆచరణలో ఇది చాలా చిన్న పని. గుండె పాఠాన్ని ఒకసారి శ్రద్ధగా, అర్థం కాని మాట దగ్గర ఆగుతూ చదవాలి. తర్వాత పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద బొమ్మ గీయాలి. రెండు కర్ణికలు (పై గదులు), రెండు జఠరికలు, మహాధమని, పుపుస ధమని, పుపుస సిరలు. రక్తం ఏ గదిలోకి వచ్చి ఎటు పోతుందో బాణాలు. బొమ్మ అందంగా ఉండనక్కరలేదు. గుర్తురాని చోట వెంటనే పుస్తకం తెరవకుండా రెండు నిమిషాలు ఓపిక పట్టాలి, ఎందుకంటే పిల్లలకు విసుగు పుట్టించే ఆ రెండు నిమిషాల తడుములాటలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది. ఆ తర్వాత పుస్తకం తెరిచి, తప్పులను ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. ఆ ఎర్ర గీతలు ఎక్కడ పడ్డాయో అక్కడే మర్నాటి చదువు మొదలుకావాలి. నాలుగుసార్లు చదవడానికి పట్టే సమయంకన్నా దీనికి ఎక్కువ పట్టదు.

రెండో విషయం ఎడం, అంటే ఒకసారి చదవడానికీ మళ్లీ గుర్తుచేసుకోవడానికీ మధ్య వదిలే వ్యవధి. జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే, అర్థం లేని అక్షరాల వరుసలను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో తన మీదే కొలిచి చూసుకున్నాడు. మరపులో ఎక్కువ భాగం మొదటి రోజే జరిగిపోతుందనీ, తర్వాత దాని వేగం తగ్గుతుందనీ తేలింది. ఈరోజు విన్న పాఠాన్ని ఈ రాత్రి ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, పది రోజులకు ఒకసారి, నెలకు ఒకసారి పది నిమిషాలపాటు గుర్తుచేసుకునే పిల్లకు మార్చిలో కొత్తగా చదవవలసింది కొద్దిగానే మిగులుతుంది. అధ్యయన పద్ధతులు పదింటిని పోల్చి 2013లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష, తనను తాను పరీక్షించుకోవడాన్నీ, ఎడం ఇచ్చి చదవడాన్నీ అన్నిటికన్నా పై స్థానంలో నిలిపింది. మన పిల్లలు ఎక్కువగా నమ్ముకున్న గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం కింది స్థానంలో నిలిచాయి. ఈ వెలుగులో చూసినప్పుడు, పదో తరగతికి ఏటా చలికాలంలో మొదలయ్యే వంద రోజుల ప్రణాళిక మంచి ఉద్దేశంతో వచ్చినదే అయినా ఆలస్యంగా వస్తున్నదని చెప్పక తప్పదు. ఆ ప్రణాళికలోని రోజువారీ చిన్న పరీక్షలను జూన్‌లోనే, అదీ ఎనిమిదో తరగతి నుంచే, తేలికపాటి రూపంలో మొదలుపెడితే చివరి వంద రోజుల్లో టీచర్లకూ పిల్లలకూ ఊపిరి ఆడుతుంది.

గణితం విషయంలో ఇంకో మాట చెప్పాలి. ఒక అభ్యాసంలోని లెక్కలన్నీ ఒకే పద్ధతివి కావడంతో, వర్గ సమీకరణాల అధ్యాయంలో ఉన్నంతసేపు ఏ సూత్రం వాడాలన్న ఆలోచనే పిల్లలకు అవసరం పడదు. పరీక్షలో అధ్యాయం పేరు రాసి ఉండదు కాబట్టి అక్కడ తడబడతారు. వారానికి ఒక రోజు వర్గ సమీకరణం, అంకశ్రేఢి, సరూప త్రిభుజాలు, త్రికోణమితి నుంచి ఒక్కో లెక్క కలిపి ఇచ్చి, చేసేముందు ఏ దారిలో పోవాలో చెప్పమంటే చాలు. మొదట్లో తప్పులు ఎక్కువగానే వస్తాయి. దానికి టీచర్లు కంగారు పడకూడదు.

మన ప్రభుత్వ బడుల పిల్లలకు ఒక అదనపు కష్టం ఉంది, ఒక అదనపు సౌకర్యమూ ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పరీక్ష రాయవలసింది ఎక్కువమంది ఇంగ్లిషులో. అర్థం కాని ఇంగ్లిషు జవాబును అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టడం తప్ప వేరే దారి లేదని చాలామంది అనుకుంటున్నారు. కానీ వారి చేతిలోని ద్విభాషా పాఠ్యపుస్తకంలో ఎదురెదురు పేజీల్లో ఒకే పాఠం రెండు భాషల్లోనూ ఉంది. తెలుగు పేజీ చదివి, విషయాన్ని తెలుగులో అప్పజెప్పి, ఆ తర్వాత ఇంగ్లిషు పేజీలోని ముఖ్య పదాలు పట్టుకొని రెండు మూడు చిన్న వాక్యాల్లో సొంతంగా రాయడం అలవాటైతే, ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టిన పిల్ల పదికి వచ్చేసరికి గైడు లేకుండా రాయగలుగుతుంది. తెలుగు పేజీ చూడటం నామోషీ అన్న భావనను టీచర్లే పోగొట్టాలి.

నిద్ర గురించి మేము గట్టిగా చెప్పదలచుకున్నాము. 13 నుంచి 18 ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టి, తెల్లవారుజామున నాలుగున్నరకు లేపే వసతిగృహాల్లో పిల్లలకు దక్కేది ఆరు గంటలు. పగలు నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, ఆ రెండు గంటలు కోసి చదువుకు కలిపామనుకోవడం పొరపాటు. తిరుపతి నగరంలో ఈ చిక్కు మరో రూపంలో ఉంది. ఇంటికంతటికీ ఒకే ఫోను, అదీ యాత్రికులను దింపి నాన్న ఆటోతో ఇంటికి చేరిన రాత్రి పదింటికి గానీ పిల్లల చేతికి రాదు. పాఠం వీడియో కోసమని తీసుకున్న ఫోను పన్నెండు దాకా చేతిలోనే ఉండిపోతుంది. పిల్లలను తిట్టడంకన్నా, తొమ్మిదిన్నర తర్వాత ఇంట్లో ఎవరి చేతిలోనూ ఫోను ఉండకూడదన్న నియమం పెద్దలే పాటిస్తే ఫలితం ఉంటుంది.

అప్పజెప్పే అలవాటును చంపేది భయం. స్లిప్ టెస్టు పెట్టిన ప్రతిసారీ మార్కులు బోర్డు మీద రాసి, తక్కువ వచ్చినవారిని నిలబెట్టే చోట పిల్లలు నేర్చుకునేది పక్కవాడి కాగితంలోకి చూడటమే. పిల్లలను గ్రేడులుగా విడదీసి చివరి జట్టును చివరి బల్లలకు పంపడం అంతకన్నా బాధాకరం. పుస్తకం మూసి రాసే రోజువారీ పనికి మార్కులే ఉండకూడదు. ఎవరి తప్పులు వారే దిద్దుకోవాలి, ఆ తప్పులను ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోవాలి. ఏడాది మధ్యలో బడిలో పెట్టే పరీక్షల జవాబు పత్రాలు పిల్లల చేతికి వచ్చినప్పుడు మార్కులు కూడుకొని మడిచి పెట్టేయకుండా, ఆ పీరియడ్ మొత్తం తప్పుల మీదే గడపడం మంచిది. సిలబస్ పూర్తి చేయాలన్న ఒత్తిడి టీచర్ల మీద ఎంత ఉందో మాకు తెలుసు. అయినా ఆ ఒక్క పీరియడ్ దండగ కాదని వారిని కోరుతున్నాము.

తల్లిదండ్రుల పాత్ర గురించి మాట వచ్చినప్పుడల్లా, మాకు చదువు రాదు, మేమేం చూస్తాము అన్న జవాబు వినిపిస్తుంది. అప్పజెప్పించుకోవడానికి చదువు రానక్కరలేదు. పూలు కడుతూనో, అంట్లు తోముతూనో, "ఈ పొద్దు బళ్లో ఏం చెప్పినారు, నాకు అర్థమయ్యేట్టు చెప్పు చూస్తాం" అని తల్లి అడిగితే, ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి కూతురు పడే పాట్లే అసలైన చదువు. "అదెందుకట్లా?" అని ఆ తల్లి అమాయకంగా వేసే ఒక్క ప్రశ్న చాలా గైడ్లకన్నా విలువైనది. బడుల్లో జరిగే తల్లిదండ్రుల సమావేశాల్లో మార్కుల కార్డులు పంచడంతో సరిపెట్టకుండా, ఒక పిల్లను ముందుకు పిలిచి, తల్లి ఎదుట పాఠం చెప్పించి చూపితే ఈ పద్ధతి అందరికీ అర్థమవుతుంది.

రెండు జిల్లాల విద్యాశాఖాధికారులను మేము కోరేది కూడా పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రతి స్టడీ అవర్‌లో చివరి పదిహేను నిమిషాలు పుస్తకాలన్నీ మూయించి, ఆ రోజు చదివింది ఒక కాగితం మీద రాయించాలని, లేదా ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఒకరికొకరు అప్పజెప్పుకునేలా చూడాలని హెచ్‌ఎంలకు సూచిస్తే సరిపోతుంది. దీనికి ఒక అడ్డంకి మాత్రం అధికారులే తొలగించాలి. దూరపు పల్లెల ఆడపిల్లలు సాయంత్రం ప్రత్యేక తరగతిలో చివరి పదిహేను నిమిషాలు పల్లెవెలుగు బస్సు వెళ్లిపోతుందేమోనన్న దిగులుతో సంచి భుజాన వేసుకునే కూర్చుంటారు. అప్పజెప్పడానికి కేటాయించవలసింది సరిగ్గా ఆ సమయమే కాబట్టి, ఏ మండలంలో ఏ బడి ఎన్నింటికి వదులుతుందో, ఆ దారిలో చివరి బస్సు ఎన్నింటికి ఉందో విద్యాశాఖ, ఆర్టీసీ డిపోల అధికారులు ఒక్కసారి కలిసి కూర్చొని సరిచూసుకోవాలి. అది ఈ నెలలోనే జరగాలి.