పాయింట్ ఫైవ్ లెన్సు గారికి

మహారాజశ్రీ పాయింట్ ఫైవ్ లెన్సు గారికి, హన్మకొండ నుంచి నమస్కారాలు.

ఫోను కెమెరాలో 0.5 నొక్కితే తెరుచుకుని, ఎదుట ఉన్నదంతా వెడల్పుగా ఒకే ఫ్రేములోకి లాగేసే లెన్సు మీరు. ఫోను వెనక ఉన్న కళ్లన్నిట్లో మీదొక్కటే నోరు. మొన్న ఖిలా వరంగల్‌లో కీర్తి తోరణం ముందు మిమ్మల్ని తెరిచాను. తోరణం వచ్చింది, ఆకాశం వచ్చింది, పల్లీల బండి వచ్చింది, నా చెప్పు కొస కూడా వచ్చింది. ఫోను కాస్త పైకెత్తి పట్టుకున్న పాపానికి, కాకతీయుల కాలం నుంచి నిటారుగా ఉన్న స్తంభాలు కల్లు తాగినట్టు లోపలికి ఒరిగాయి. పైన హంసలు ఉండాలి. వెతికితే రెండు చుక్కలు దొరికాయి. హంసలో, మీ మీది మరకలో తేలలేదు. ఓరన నిలబడ్డ మా బావను అడ్డంగా సాగదీశారు. ఆయన ఇంకా మాట్లాడడం లేదు.

పాలంపేటలోనూ ఇదే తంతు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి. చూరు కింద నల్లరాతి మదనికల్లో, అంటే నాట్యగత్తెల శిల్పాల్లో, ఒకామెకు ఎత్తుమడమల చెప్పులుంటాయి. చిన్నప్పుడు ఆ చెప్పుల కోసం మెడలు పట్టేదాకా పైకి చూసేవాళ్లం. ఇప్పుడు గుడి మొత్తాన్ని ఒక్క ఫ్రేములో కుక్కి బస్సెక్కుతున్నాం. 2021లో యునెస్కో జాబితాకెక్కిన గుడి నా గ్యాలరీలో అగ్గిపెట్టెంతుంది.

అసలు సంగతి చెరువు ఫొటోది. కొండలు, నీళ్లు, మబ్బులు అన్నీ పడ్డాయని మా నాయనమ్మకు గొప్పగా చూపించాను. ఆమె మబ్బుల్ని వేలితో పక్కకు నెట్టేసి, మూలనున్న తుమ్మచెట్టు దగ్గర ఆగింది.

"గా చెట్టుకు మోకాలెత్తున మట్టి గీత సూడు. నీళ్లు గక్కడి దాంక వొచ్చి పొయినయ్. గడ్డి గూడ ఒక్కదిక్కే పండుకున్నది. మత్తడి దుంకిందారా?"

మత్తడి దుంకడమంటే చెరువు నిండి పొర్లడం. నేను గంటసేపు అక్కడే ఉన్నాను. గీత చూడలేదు. గడ్డిని మాత్రం తొక్కాను.

చెట్టును పట్టింది నేనే కదా అని మీరు మీసం దువ్వకండి. ఆ తుమ్మను తప్పిద్దామనే నేను రెండడుగులు జరిగాను. మీ నోటి వెడల్పుకు అదే వచ్చి పడింది.

వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాం. నాయనమ్మ కూడా వస్తానంటోంది, ఫోను ఆమె చేతికే ఇస్తాను. ఎప్పుడు పట్టుకున్నా ఆమె బొటనవేలు సరిగ్గా మీ మీదే పడుతుంది. మనసులో పెట్టుకోకండి.

ఇట్లు,
మీ మూడేళ్ల బాధితుడు