కల్నల్ సంతోష్ బాబు వట్టి చేతులతో వెళ్లలేదు

జూన్ వస్తే చాలు, సూర్యాపేట, నల్గొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మొదలవుతుంది. తుపాకీ కూడా ఇవ్వకుండా పంపితే మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు చైనా తూటాలకు బలయ్యాడని, పరమవీర చక్ర చేతిలో పెట్టి కుటుంబాన్ని గాలికొదిలేశారని దాని సారాంశం. అభిమానంతోనే పంపుతున్నారు, కాదనను. కానీ అందులో పేరూ ఊరూ తప్ప సరైన ముక్క దాదాపు లేదు.

తుపాకీ సంగతి చూద్దాం. సరిహద్దు డ్యూటీలో ఉన్నవాళ్లు పోస్టు దాటితే ఎప్పుడూ ఆయుధాలతోనే వెళ్తారని, ఆయన చనిపోయిన ఘర్షణ జరిగిన లద్దాఖ్‌లోని గల్వాన్‌లోనూ అలాగే వెళ్లారని 2020 జూన్ 18న విదేశాంగ మంత్రి జైశంకర్ చెప్పారు. మరి కాల్చలేదేం? భారత్, చైనాల మధ్య ఉన్న వాస్తవాధీన రేఖకు 2 కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని 1996లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. ఎదురుపడ్డప్పుడు తుపాకీ వాడకపోవడం గల్వాన్ నాటికి చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి. ఆ పద్ధతి సరైనదేనా అని నిలదీయండి, న్యాయమైన ప్రశ్నే. అంతేగానీ 16 బిహార్ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్‌ని, శత్రువు ఎదుట పరిశీలన పోస్టు నెలకొల్పే బాధ్యత మీద ఉన్న మనిషిని, ఎవరో తోస్తే వెళ్లిన అమాయకుడిలా చూపిస్తే ఎలా?

తూటాల మాటా తప్పే. ఆ జూన్ 15 రాత్రి జరిగింది రాళ్లతో, రాడ్లతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో కొట్లాట. తీవ్రంగా గాయపడ్డాక కూడా ఆయన ముందుండి నడిపించారని, ఆఖరి శ్వాస దాకా పోరాడారని ఆయనకిచ్చిన పురస్కార పత్రంలోనే ఉంది. మన వాళ్లు 20 మంది పోయారు. వాళ్లలో 17 మంది తీవ్ర గాయాలతో, అంత ఎత్తులో, గడ్డకట్టే చలిలో ప్రాణాలు వదిలారని ఆర్మీయే ప్రకటించింది.

కుటుంబం విషయానికొస్తే, రాష్ట్ర ప్రభుత్వం 5 కోట్లు, బంజారాహిల్స్‌లో ఇంటి స్థలం, ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. ఇది దాచిన సంగతేం కాదు, అప్పట్లో అన్ని పేపర్లలోనూ వచ్చింది.

ఇక పరమవీర చక్ర. అది ఆయనకు రాలేదు. 2021 రిపబ్లిక్ డే సందర్భంగా ప్రకటించింది మహావీర చక్ర, యుద్ధకాల పురస్కారాల్లో రెండోది. పరమవీర చక్ర ఇప్పటిదాకా 21 మందికే దక్కింది, ఆఖరివి 1999 కార్గిల్ పోరుకు ఇచ్చినవి. ఈ పురస్కారంతో పూర్తి సంతృప్తి లేదని ఆయన తండ్రే మీడియాతో అన్నారు. రానిదాన్ని వచ్చిందని పంచుకుంటే ఆ పెద్దాయన అన్నదానికి అర్థమే లేకుండా పోతుంది.

గల్వాన్ పోరుకే మరో ఐదుగురికి వీర చక్ర వచ్చింది: నుదురామ్ సోరెన్, పళని, దీపక్ సింగ్, గుర్తేజ్ సింగ్, తేజిందర్ సింగ్. తేజిందర్ సింగ్ ఒక్కరే బతికుండగా అందుకున్నారు. ఈసారి మెసేజ్ పంపేవాళ్లు ఆ పేర్లు కూడా చేర్చండి.